హైదరాబాద్ క్యారవాన్ యజమానుల శిబిరం: ఏర్పాట్లు, మరమ్మతు పాఠాలపై సమగ్ర మార్గదర్శి

చక్రాల మీది ఇల్లు లాంటి క్యారవాన్ ఇంజిన్ మొరాయిస్తే హైదరాబాద్‌లో దాన్ని దారికి తెచ్చే చేతులకు కొదవలేదు. ఆటోనగర్‌లో అడుగుపెడితే టెంపో ట్రావెలర్ గేర్‌బాక్సును విప్పి, చూసి, మళ్ళీ బిగించి ఇచ్చే మేస్త్రీలు దొరుకుతారు. అదే వాహనంలో నీటి పంపు ఆగిపోయినా, వానకు కప్పు కురిసినా, ఇన్వర్టరు అర్ధరాత్రి కూతపెట్టి మూగబోయినా ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియదు. ఇంజిన్ మేస్త్రీ అది తన పని కాదంటాడు, ఇంటి కరెంటు పనివాడు 12 వోల్టుల తీగలను చూసి తల గోక్కుంటాడు, బండిని ఇల్లుగా మార్చి ఇచ్చిన చోట ఫోనెత్తే నాథుడుండడు. కాబట్టి మన నగరంలో ఒక క్యారవాన్ యజమానికి నిజమైన సర్వీస్ సెంటర్ మరో క్యారవాన్ యజమానే. యజమానులు కలిసి నడుపుకునే క్లబ్ శిబిరాన్ని ఈ అవసరం చుట్టూ అల్లుకోవాలి తప్ప, విహారయాత్రకు అలంకారంగా ఒక గంట మరమ్మతు ముచ్చట చేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇలాంటి కలయికలకు పాత చరిత్రే ఉంది. 1963 జులై 20న సూర్యగ్రహణం చూడటానికి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, హింక్లీ అనే చోట 26 కుటుంబాలు తమ కోచ్‌లతో చేరాయి. ఆ రోజే ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్‌కు పునాది పడింది. మన దగ్గర వాహనాల సంఖ్య తక్కువ, దారులు వేరు, ఎండలు వేరు, అందువల్ల అక్కడి పద్ధతులను అట్లాగే దించుకోకుండా మనకు పనికొచ్చే తీరులో ఏర్పాట్లు చేసుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసినది: ఎన్ని వాహనాలు, ఏ లోపాలు

తొలి శిబిరానికి పది, పన్నెండు వాహనాలు చాలు. అంతకు మించితే మరమ్మతు పాఠం సభగా మారిపోతుంది, వెనక నిలబడ్డవారికి కరెంటు కొలిచే మల్టీమీటరు మీది అంకె కనిపించదు. పేర్లు తీసుకునేటప్పుడే ప్రతి కుటుంబానికీ ఒక చిన్న పత్రం పంపాలి. అందులో వాహనం నమూనా, పొడవు, ఏసీతో కలిపిన ఎత్తు, బ్యాటరీ రకం, నీటి ట్యాంకు పరిమాణం వంటి వివరాలతో పాటు ఒక ముఖ్యమైన ప్రశ్న ఉండాలి: ప్రస్తుతం మీ బండిలో మిమ్మల్ని సతాయిస్తున్నది ఏమిటి? ఈ పత్రాలు శిబిరానికి మూడు వారాల ముందే చేతికి అందాలి, ఎందుకంటే శిబిరంలో ఏ పాఠాలు పెట్టాలో నిర్ణయించేవి ఇవే. ఐదు బండ్లలో పంపు సమస్య ఉంటే పంపు పాఠం పెద్దదవుతుంది. ఎవరి కప్పూ కురవకపోతే ఆ పాఠాన్ని తగ్గించుకోవచ్చు.

పత్రాలు అందాక కావలసిన సామాను జాబితా రాసుకుని నగరంలోనే కొనిపెట్టుకోవాలి. పైపు జాయింట్లు, క్లాంపులు, బోల్టులు, సీలెంట్ల వంటివాటికి రాణిగంజ్, ఫ్యూజులు, కనెక్టర్లు, మల్టీమీటర్ల వంటివాటికి కోఠిలోని గుజరాతీ గల్లీ సరిపోతాయి. శిబిరం చోట ఇరవై రూపాయల రబ్బరు ఓ-రింగు దొరక్క ఒక మధ్యాహ్నమంతా వృథా కావడం చాలా మామూలు విషయం. జాబితా రాసే పనిని ఒక్కరికే అప్పగించాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

కాలం, చోటు

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా మనకు అనువైన కాలం. వాతావరణం హాయిగా ఉండటం ఒక్కటే దీనికి కారణం కాదు. డిసెంబరు రాత్రుల్లో ఏసీ అవసరం ఉండదు కాబట్టి ఒక్కో బండికి కావలసిన కరెంటు నాలుగో వంతుకు పడిపోతుంది, జనరేటర్ల మోత లేకుండా శిబిరం నడుస్తుంది. సంక్రాంతికి ముందు రోజుల్లో విజయవాడ దారి జోలికి పోకూడదు. చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా వద్ద అప్పుడు ఎంత రద్దీ ఉంటుందో నగరవాసులకు చెప్పనక్కర్లేదు. రామప్ప, లక్నవరం వైపు వెళ్ళదలిస్తే రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర రోజులను తప్పించాలి.

తొలి శిబిరానికి వికారాబాద్, అనంతగిరి ప్రాంతాన్నే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక రెండు గంటలలోపు దూరం, ఏ బండి మొండికేసినా నగరం నుంచి సాయం త్వరగా వస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, కప్పు మీద ఏసీ, సౌర ఫలకలు ఉన్న బండి ఎదుటి లారీకి దారి ఇవ్వబోయి అంచుకు జరిగితే దెబ్బ కప్పుకే తగులుతుంది. రెండో శిబిరానికి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్ వెళ్ళవచ్చు, దూరం సుమారు 150 కిలోమీటర్లు. శ్రీశైలం దారి అందమైనదే గానీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిషేధం, లోపల ఫోను సిగ్నలు కూడా సరిగా అందదు. బండి ఆగిపోతే గుంపుకు కబురు చేరే దారి ఉండదు కాబట్టి, అనుభవం గడించాకే అటు వెళ్ళాలి.

ఎక్కడికి వెళ్ళినా అటవీ భూమిలో అనుమతి లేకుండా బండ్లు నిలపకూడదు. ప్రైవేటు రిసార్టు మైదానమో, మామిడితోటో మాట్లాడుకుని, యజమానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, స్థానిక పోలీస్ స్టేషనులో ఒక లేఖ ఇచ్చి రావడం ఉత్తమం.

కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టించినా దాటవేయకూడదు. సొంత వాడకానికి ఉండే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్ర ప్రభుత్వ 2004 నోటిఫికేషన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ తరగతిలో చేర్చింది. మోటారు క్యారవాన్ల భద్రతకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. పాత టెంపో ట్రావెలర్‌ను కొని సీట్లు పీకేసి మంచాలు వేయించుకున్నవారు మాత్రం జాగ్రత్తపడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి (ఆర్‌సీకి) భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఆర్‌సీలో పన్నెండు సీట్ల బస్సుగా ఉన్న బండి లోపల వంటగది ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న అదే. శిబిరానికి వచ్చే ప్రతి బండి ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం ముందే చూసి సరిపోల్చుకోవడం నిర్వాహకుల బాధ్యత. ఆర్‌సీలో ఎన్ని సీట్లు ఉంటే అంతమందే ప్రయాణించాలి, నడుస్తున్న బండిలో మంచం మీద పడుకోవడం కుదరదు.

బయలుదేరే వారం: బరువు, టైర్లు

క్యారవాన్‌కు వచ్చే రోగాల్లో సగం బరువు వల్ల వచ్చేవే. ఒక లీటరు నీరు ఒక కిలో, వంద లీటర్ల ట్యాంకు నిండా నింపితే వంద కిలోలు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే యాభై కిలోలు దాటుతుంది. వీటికి బీరువాలు, ఫ్రిజ్, నలుగురు మనుషులు, వారి సామాను తోడైతే బండి మోయగలిగిన హద్దు ఎప్పుడు దాటిందో తెలియదు. అందువల్ల శిబిరానికి వారం ముందు ప్రతి యజమానీ నీళ్ళు, గ్యాసు, సామాను, మనుషులతో సహా బండిని దగ్గరలోని వే బ్రిడ్జికి తీసుకెళ్ళి మూడు సార్లు తూకం వేయించాలి: బండి మొత్తం, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. ముందు, వెనక ఇరుసుల తూకాలు తయారీదారు ఫలకం మీది హద్దులకు లోపల ఉండాలి. మొత్తం బరువు సరిపోయినా వెనక ఇరుసు మీద భారం ఎక్కువైన బండ్లే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే మనవాళ్ళు నీటి ట్యాంకు, బ్యాటరీ, వంటగది అన్నీ వెనకే పెట్టిస్తారు.

టైర్ల విషయంలో అరుగుదల కంటే వయసు ముఖ్యం. క్యారవాన్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది కాబట్టి గాట్లు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు లోపల ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్ళు దాటిన టైరును స్టెప్నీగా కూడా నమ్మవద్దు. గాలి ఉదయం, బండి కదలకముందు కొట్టించాలి, తూకంలో తేలిన భారానికి తగిన పీడనం ఎంతో చూసుకుని కొట్టించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించకపోతే ఘాట్ దిగేటప్పుడు అది కాగి పెడల్ లోపలికి పోతుంది.

దారిలో

పన్నెండు బండ్లు ఒకే వరుసలో నడపడం చూపులకు బాగుంటుంది గానీ మిగతా వాహనాలకు పెద్ద ఆటంకం. మూడు, నాలుగు బండ్ల చొప్పున జట్లు చేసి, పావుగంట తేడాతో పంపాలి. ప్రతి జట్టులోనూ అందరికంటే నెమ్మదిగా వెళ్ళే బండి ముందుండాలి, పనిముట్లు ఉన్న బండి చివరన ఉండాలి. ఔటర్ మీద బండి ఆపి ఒకరికోసం ఒకరు ఎదురుచూడటం నిషిద్ధం, ప్రమాదకరం కూడా. కలుసుకునే చోటు ఎగ్జిట్ దిగాక ఉండే విశాలమైన పెట్రోలు బంకు కావాలి. ప్రతి డ్రైవరు ఎదుట తన బండి ఎత్తు మీటర్లలో రాసిన చీటీ అతికించి ఉండాలి, రైల్వే అండర్ బ్రిడ్జి ముందు గుర్తుకు తెచ్చుకోవడం కష్టం. జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 అదే చీటీ మీద రాయాలి.

మైదానం సిద్ధం చేయడం

నిర్వాహకుల్లో ఇద్దరు శిబిరానికి పది రోజుల ముందు చోటును వెళ్ళి చూసి రావాలి, ముందు చూడవలసింది నేల. అనంతగిరి చుట్టూ ఎర్రటి గట్టి మొరం ఉంటుంది, తాండూరు వైపు పోయేకొద్దీ నల్లరేగడి వస్తుంది. ఎండలో రాయిలా ఉండే ఆ రేగడి ఒక్క వాన పడితే మూడున్నర టన్నుల బండిని ఇరుసు దాకా మింగుతుంది. మొరం నేల దొరకకపోతే ఆ చోటును వదులుకోవడమే మేలు. బండికీ బండికీ మధ్య ఐదారు మీటర్ల ఎడం ఉంచాలి. ఇది నిప్పు అంటుకుంటే పక్క బండికి పాకకుండా ఉండటానికి. అన్ని బండ్ల ముక్కులూ బయటి దారి వైపే ఉండాలి, రాత్రివేళ ఎవరికైనా ఆసుపత్రి అవసరమైతే పది బండ్లను కదిలించవలసిన పరిస్థితి రాకూడదు.

కరెంటు గురించి తోట యజమాని “లైను ఉంది సార్” అంటాడు. ఆ మాటతో తృప్తి పడకూడదు. 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి సుమారు 3,680 వాట్లు ఇస్తుంది, అంటే పన్నెండు బండ్లకు పంచితే ఒక్కొక్కదానికి 300 వాట్లే. అది బ్యాటరీ చార్జింగుకు చాలుతుంది, కెటిల్‌కు, గీజరుకు చాలదు. ఈ నియమాన్ని ముందే చెప్పాలి. పొలాల లైన్లలో న్యూట్రల్ సరిగా ఉండకపోవడం మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే ప్రమాదం. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే ఒక ఫేజు మీద వోల్టేజి 230 నుంచి 350కీ, ఆ పైకీ ఎగబాకి చార్జర్లన్నింటినీ ఒకేసారి కాల్చేస్తుంది. కాబట్టి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మధ్య వోల్టేజీలు కొలిపించి, మొదటి రెండూ 230 దరిదాపుల్లో, మూడోది కొద్ది వోల్టులే ఉంటేనే బండ్లను కలపాలి. మూలం దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు కారితే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను చుట్టలా ఉంచి వాడితే లోపల వేడెక్కి కరుగుతుంది, వాడినప్పుడల్లా పూర్తిగా విప్పి పరచాలి.

మురుగు గురించి మాట్లాడటానికి మొహమాటపడకూడదు. మన రాష్ట్రంలో క్యారవాన్ల మలినాలను ఖాళీ చేసుకునే ప్రత్యేక కేంద్రాలు కనిపించవు, కాబట్టి రిసార్టు సెప్టిక్ ట్యాంకులో పోయడానికి ముందే అనుమతి తీసుకోవాలి, లేదా చివరి రోజుకు సెప్టిక్ ట్యాంకు లారీని మాట్లాడుకోవాలి. బండి మరుగుదొడ్డిలో పోసే రసాయనాల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నవి సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపుతాయి, అందుకే ఎంజైములతో పనిచేసే రకాన్నే వాడాలని శిబిరం నియమంగా పెట్టాలి. అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ మీదనే 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఉంది. అక్కడి వాగులో పారబోసింది చివరకు మన ఊరి చెరువుకే చేరుతుంది.

మరమ్మతు పాఠాలు

శిబిరానికి గుండెకాయ ఇదే కాబట్టి శనివారం పగలంతా దీనికే కేటాయించాలి. పాఠం ఎప్పుడూ లోపం ఉన్న అసలు బండి దగ్గర, ఎనిమిది మందికి మించని గుంపుతో జరగాలి, కుర్చీలు వేసి ఉపన్యాసం చెప్పించకూడదు. చెప్పేవారు పనిముట్టు పట్టుకోకుండా నోటితో చెప్పాలి, పనిముట్టు ఆ బండి యజమాని చేతిలో ఉండాలి. నాలుగు చోట్ల నాలుగు పాఠాలు ఏకకాలంలో నడిచి, గంటన్నరకోసారి గుంపులు మారితే సరిపోతుంది. ఆటోనగర్ నుంచి అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఒకరిని రోజు కూలీ మాట్లాడుకుని పిలిపించుకుంటే ఇంజిన్, బ్రేకులు, బెల్టుల సంగతి ఆయన చూసుకుంటారు. స్నేహం పేరుతో ఆయన చేత ఉచితంగా పని చేయించుకోవడం సంస్కారం కాదు. సామాన్లు అమ్మడానికి వచ్చేవారిని మాత్రం పాఠం దగ్గరికి రానీయకూడదు.

కరెంటు పాఠం అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది, దాన్ని ఒక లెక్కతో మొదలుపెట్టాలి. 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకు సుమారు 600 వాట్-అవర్లు, 25 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 500, దీపాలు 100, నీటి పంపు 30, ఫోన్లు, ల్యాప్‌టాప్ 150, వెరసి 1,380 వాట్-అవర్లు. దీన్ని 12తో భాగిస్తే 115 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి అది 230 ఏహెచ్ ఉండాలి. కప్పు మీద 400 వాట్ల సౌర ఫలకలుంటే శీతాకాలపు ఎండలో నష్టాలు పోను ఇంచుమించు 1,350 వాట్-అవర్లు వస్తాయి, అంటే ఏసీ లేని బండి బయటి కరెంటు లేకుండానే గడుపుకోగలదు. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడవాలంటే నాలుగు, ఐదు వేల వాట్-అవర్లు కావాలి. రెండు ట్యూబులర్ బ్యాటరీలతో ఏసీ నడుస్తుందని ఎవరైనా అమ్మితే ఈ లెక్క వారి ముందు పెట్టవచ్చు.

ఆ తరువాత ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయే బండిని తీసుకోవాలి. ఇలాంటి బండి యజమాని సాధారణంగా బ్యాటరీ పోయిందని నిర్ధారించుకుని కొత్తది కొనడానికి సిద్ధంగా ఉంటాడు. చేతి ఉంగరం తీసేసి, స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి పరీక్ష మొదలుపెట్టాలి. బ్యాటరీని అరగంట ఏ లోడూ లేకుండా వదిలి మల్టీమీటరుతో కొలవాలి: లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 లేదా 12.7, సగం ఉంటే 12.2, ఖాళీ అయితే 11.9 లేదా అంతకు తక్కువ చూపుతుంది. నిండుగా ఉందని తేలాక వెయ్యి వాట్ల కెటిల్ ఆన్ చేసి రెండు చోట్ల కొలవాలి. మొదటిది బ్యాటరీ స్తంభాల మీదే, అంటే తీగ చివర బిగించే లోహపు కొస (లగ్గు) మీద కాకుండా సీసపు స్తంభం మీద మొనలు ఆన్చి. రెండోది ఇన్వర్టరు టెర్మినళ్ళ మీద. బ్యాటరీ దగ్గర 12.1, ఇన్వర్టరు దగ్గర 11.0 కనిపించిందనుకుందాం, అప్పుడు తప్పు బ్యాటరీది కాదు, మధ్యలో ఎక్కడో 1.1 వోల్టులు ఆవిరైపోతున్నాయి. కెటిల్ నడుస్తుండగానే మల్టీమీటరు ఒక మొనను స్తంభం మీద, మరో మొనను అదే స్తంభానికి బిగించిన లగ్గు మీద పెట్టి చూడాలి, తరువాత ఫ్యూజుకు రెండు వైపులా, తరువాత స్విచ్చికి రెండు వైపులా. ఆరోగ్యంగా ఉన్న జాయింటు దాదాపు సున్నా చూపుతుంది, 0.3, 0.4 చూపినది దొంగ. సాధారణంగా అది తెల్లగా, ఆకుపచ్చగా పొర పట్టిన లగ్గో, కటింగ్ ప్లయర్‌తో నొక్కి వదిలేసిన క్రింపో అయి ఉంటుంది. ముందు నెగటివ్ తీగ విప్పి, లగ్గును కోసి, సరైన క్రింపింగ్ పనిముట్టుతో కొత్తది వేసి, గట్టిగా బిగించి, వాజిలిన్ రాసి, నెగటివ్‌ను చివర్లో కలపాలి. అదే పరీక్ష మళ్ళీ చేసి రెండు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చుట్టూ ఉన్నవారు ఈ పాఠాన్ని మరిచిపోరు.

జాయింట్లన్నీ బాగున్నా వోల్టేజి పడుతుంటే తీగ సన్నదని అర్థం. వెయ్యి వాట్ల లోడుకు 12 వోల్టుల వైపు సుమారు 95 ఆంపియర్లు ప్రవహిస్తాయి. బ్యాటరీకి రెండు మీటర్ల దూరంలో ఇన్వర్టరు ఉంటే రానూపోనూ నాలుగు మీటర్ల రాగి తీగ. అది 16 చదరపు మిల్లీమీటర్లదైతే తీగలోనే 0.4 వోల్టులు పోతాయి, 35ది అయితే 0.2 కంటే తక్కువ. పాజిటివ్ స్తంభానికి జానెడు దూరంలో ఫ్యూజు లేని బండిని ఆ రోజు ఫ్యూజు వేయకుండా పంపకూడదు. లక్షలు పోసి చేయించుకున్న బండ్లలోనూ రంగుల దీపాలకు ఉన్న శ్రద్ధ ఈ ఫ్యూజుకు ఉండదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాడేవారికి రెండు మాటలు చెబితే చాలు: దాని వోల్టేజి చివరిదాకా పెద్దగా మారదు కాబట్టి మిగిలిన చార్జి తెలియాలంటే బ్యాటరీలోకి, బయటికి పోయే కరెంటును లెక్కగట్టే, షంటుతో పనిచేసే మీటరు కావాలి. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకు దాన్ని నేరుగా కలిపితే ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోతుంది కాబట్టి మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జరు ఉండాలి.

కప్పు కురిసే బండికి ఓపిక కావాలి. నీరు లోపల కనిపించిన చోటే పైన రంధ్రం ఉండదు, ఒక చివర దూరి పట్టీ వెంట పాకి మరో చివర చుక్కగా రాలుతుంది. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, మరొకరు పైపుతో బయట కింది అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ ఐదు నిమిషాలు తడుపుతూ పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీరంతా కిందికి జారి దారి తెలియకుండా పోతుంది. చోటు దొరికాక పాత సీలెంటును పూర్తిగా గీకేసి, ఎండబెట్టి, అంచు కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ), పైన పాలీయురేథేన్ సీలెంటు వేయాలి. పాత సీలెంటు మీదే సిలికాన్ పూసి చేతులు దులుపుకుంటే మళ్ళీ కురుస్తుంది, పైగా సిలికాన్ మిగిలిన చోట మరేదీ అంటదు.

నీటి పాఠం చిన్నదే. ఏ కుళాయీ తెరవకుండానే పంపు మధ్యమధ్య టక్కుమని కొట్టుకుంటుంటే ఎక్కడో చుక్క కారుతోందనో, పంపులోని వాల్వు సరిగా మూసుకోవడం లేదనో అర్థం. ముందు ఫిల్టరు జాలీ విప్పి కడిగితే సగం పంపు ఫిర్యాదులు తీరిపోతాయి. మన బోరు నీటికి గీజరు లోపల సున్నపు పొర కడుతుంది, గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా ఉంచి కడిగేస్తే అది వదులుతుంది. వంద లీటర్ల ట్యాంకులో ఐదు శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు కలిపి, కుళాయిలన్నీ ఒకసారి తిప్పి, నాలుగు గంటల తరువాత వాసన పోయేదాకా కడిగితే ట్యాంకు శుభ్రపడుతుంది.

గ్యాసు, 230 వోల్టుల తీగల విషయంలో శిబిరం హద్దు గీసుకోవాలి: చూడటం వరకే మన పని, విప్పడం, మార్చడం అధికృత మెకానిక్ పని. చూడవలసినవి కొన్నే. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, కారితే నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి సిలిండరు పెట్టెకు గాలి రంధ్రం అడుగున, బండి బయటికి తెరుచుకునేలా ఉండాలి. సురక్షా గొట్టాన్ని ఐదేళ్ళకోసారి మార్చాలి. జాయింట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి, అగ్గిపుల్ల గీసి చూసేవారు ఇప్పటికీ ఉన్నారు. బండి కదిలే ముందు సిలిండరు వాల్వు మూసి ఉండాలి. చలి రాత్రుల్లో కుంపటిని బండిలోకి తెచ్చుకుని తలుపులు మూసుకోవడం, ఏసీ కోసం ఇంజిన్ ఆన్ చేసి నిద్రపోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం ప్రతి బండిలోనూ ఉండాలి.

బండి నడపని వారి కోసం

చాలా కుటుంబాల్లో బండి సంగతులన్నీ ఒక్కరి బుర్రలోనే ఉంటాయి. ఆ ఒక్కరికి జ్వరం వచ్చినా, దారిలో గుండెనొప్పి వచ్చినా మిగతావారు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అందుకని ఆదివారం ఉదయం ఒక గంట భార్యకో, భర్తకో, ఎదిగిన పిల్లలకో కేటాయించాలి, బండి నడిపే మనిషిని ఆ గంట టీ స్టాలు దగ్గర కూర్చోబెట్టాలి. గ్యాసు వాల్వు మూయడం, బ్యాటరీ మెయిన్ స్విచ్చి ఆపడం, మంటలార్పే సిలిండరు పిన్ను లాగి మంట మొదలు వైపు కొట్టడం, జాక్ ఎక్కడ ఆన్చాలో చూపి ఒక చక్రం నట్లు వదులు చేయించడం, ఈ నాలుగూ వారి చేతే చేయించాలి. వారిలో లైసెన్సు ఉన్నవారు మైదానంలో బండిని వంద మీటర్లు ముందుకూ వెనక్కీ నడిపి చూడటం కూడా మంచిది.

సాయంత్రాలు ఎలా గడపాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఏ ఇంటి వంట ఆ ఇల్లే చేసుకుని శనివారం రాత్రి ఒక్కపూట అందరూ కలిసి తింటే వంటల హడావుడి తగ్గుతుంది. రాత్రి పది తరువాత స్పీకర్లు పెట్టడం చట్టరీత్యా నిషేధం, పక్క ఊరివారికి మన మీద గౌరవం నిలవాలన్నా అదే మంచిది.

ఖర్చులు, రిజిస్టరు

డీజిల్, టోల్, ఎవరి బండి విడిభాగాలు వారివే. మైదానం అద్దె, ఎలక్ట్రీషియన్, మేస్త్రీ కూలీ, సెప్టిక్ లారీ, ఉమ్మడి భోజనం మాత్రమే బండ్ల లెక్కన పంచాలి. ముందే సొమ్ము వసూలు చేసి, అందులో పదో వంతు అనుకోని ఖర్చులకు పక్కన పెట్టి, మిగిలితే వారంలోపు తిరిగి ఇచ్చేయాలి. సంఘం రిజిస్ట్రేషన్ అవసరమా అని మొదట్లోనే తర్జనభర్జన పడనక్కర్లేదు. రెండు మూడు శిబిరాలు నడిచాక, ఏడుగురు సభ్యులతో సొసైటీల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు.

లెక్కల కంటే విలువైనది లోపాల రిజిస్టరు. ప్రతి బండికీ ఒక పేజీ ఉండాలి. అందులో లక్షణం ఏమిటి, ఏం కొలిచారు, ఎంత వచ్చింది, అసలు కారణం ఏమని తేలింది, ఏ సామాను వేశారు, ఎక్కడ, ఎంతకు కొన్నారు అన్నవి రాయాలి. “పంపు బాగుచేశాం” అని రాస్తే ఎవరికీ పనికిరాదు. “జాలీలో ఇసుక, ఓ-రింగు చీలింది, 22 మిల్లీమీటర్లది వేశాం” అని రాస్తే మరో బండికి అదే జరిగినప్పుడు అరగంటలో పని అయిపోతుంది. బాగుకాని లోపాలను కూడా అంతే వివరంగా రాసి, వచ్చే శిబిరంలో వాటికే మొదటి వరుస ఇవ్వాలి. మైదానం వదిలేముందు ఆ రిజిస్టరు పేజీలను ఫొటోలు తీసి అందరికీ పంపి, తొలకరికి ముందు కప్పులు పరీక్షించుకోవడానికి మే నెలలో ఒక ఆదివారం నగరంలోనే ఎవరి స్థలంలో కలవాలో అక్కడే ఖాయం చేసుకోవాలి.